ఏడేళ్ల ఐరన్ మాత్రలు, కదలని హిమోగ్లోబిన్: ఒక డీఎన్ఏ డైట్ రిపోర్టు కేసు

ఈ కేసు రాయడానికి ఆమె అనుమతి తీసుకున్నాను. పేరు, ఊరు, ఉద్యోగం వివరాలు మార్చాను. కుటుంబం గురించి కేసు అర్థం కావడానికి అవసరమైనంతవరకే రాశాను. నేను క్లినికల్ డైటీషియన్‌ని, మందులు రాయడం, ఆపడం నా పని కాదు. కింద మందుల ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా నిర్ణయం ఫిజీషియన్‌దే.

ఈమధ్య నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు ఉమ్మి శాంపిల్ పంపి తెప్పించుకున్న జన్యు రిపోర్టు పట్టుకుని వస్తున్నారు. "నా జీన్స్‌కి తగ్గ డైట్ రాయండి మేడమ్" అంటారు. అలా అడిగినవాళ్లలో జన్యువు నిజంగానే కీలకమైన కేసు ఇది. అయితే ఆ జన్యువు రిపోర్టులో లేదు.

నేపథ్యం

ఆమెను సరళ అందాం. వయసు 29, పెళ్లై రెండేళ్లు. భర్త సొంత మేనబావ, వాళ్లమ్మకి అన్నగారి కొడుకు. పిల్లల కోసం అనుకుంటున్నారు. పుట్టినప్పటి నుంచీ శాకాహారం, గుడ్డు కూడా ముట్టదు. కూర్చుని చేసే ఉద్యోగం.

22 ఏళ్లప్పుడు కాలేజీలో పెట్టిన హెల్త్ క్యాంపులో హిమోగ్లోబిన్ 10.1 వచ్చింది. రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. అప్పటి నుంచి ఏ డాక్టరు దగ్గరికి ఏ కారణంతో వెళ్లినా చీటీలో చివరి లైను ఐరన్ మాత్రే. మధ్యలో రెండుసార్లు ఇంజెక్షన్లు కూడా అయ్యాయి. ఏడేళ్లలో రెండు మూడు నెలలకు మించి మాత్రలు ఆపింది లేదు.

మా దగ్గరికి రావడానికి నాలుగు నెలల ముందు, విదేశంలో ఉన్న బంధువు సలహా మీద డీఎన్ఏ కిట్ తెప్పించుకుంది. 58 పేజీల రిపోర్టు వచ్చింది. ప్రతి పేజీలో ఎరుపు, పసుపు, పచ్చ రంగుల్లో ఒక మీటరు ఉంటుంది. ఎర్రగా ఉన్న పేజీలన్నింటికీ ఆమె పసుపు రంగు స్టిక్కర్లు అంటించుకుని వచ్చింది.

వాటిలో ముఖ్యమైనవి ఐదు. పాలు అరిగించే ఎల్‌సీటీ జన్యువులో పెద్దయ్యాక లాక్టేజ్ తగ్గిపోయే రకం ఉంది కాబట్టి పాల పదార్థాలు మానేయాలి. హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2 ఉంది కాబట్టి గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్‌తో రిస్కు ఎక్కువ, గోధుమ వద్దు. ఎఫ్‌టీఓ, టీసీఎఫ్7ఎల్2 జన్యువుల వల్ల పిండిపదార్థాలు పడవు, అన్నం తగ్గించాలి. ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్‌లో మార్పు ఉంది కాబట్టి మామూలు ఫోలిక్ యాసిడ్ పనికిరాదు, మిథైల్ ఫోలేట్ కొనుక్కోవాలి. టీఎంపీఆర్‌ఎస్‌ఎస్6 అనే జన్యువు వల్ల ఐరన్ తగ్గే స్వభావం ఉంది, ఐరన్ పెంచాలి.

ఏ సమస్యతో వచ్చింది

విపరీతమైన నీరసం. మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్లు మూతలు పడటం, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం, జుట్టు రాలడం. ఐరన్ మాత్రల వల్ల కడుపులో మంట, మలబద్ధకం. "అన్నీ రిపోర్టు ప్రకారమే చేస్తున్నాను మేడమ్, అయినా ముందుకంటే నీరసం పెరిగింది" అంది.

ఆరోజు ఆమె తెచ్చిన రక్తపరీక్ష కాగితం ఒక్కటే. హిమోగ్లోబిన్ 10.2. మిగతా వరుసల మీద నా కళ్లు నిలవలేదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

మూడు రోజులు తిన్నదంతా రాయించాను. పొద్దున నీళ్లతో కాచిన రాగి జావ, మధ్యాహ్నం గుప్పెడు కొర్రన్నం, కూర, సాయంత్రం పండు, రాత్రి కూరగాయల సూప్. లెక్క కడితే రోజుకి 1,150 కేలరీల దగ్గర ఉంది. ప్రోటీన్ 34 గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి, 51 కిలోల మనిషికి అది 42 గ్రాములు. నాలుగు నెలల్లో మూడున్నర కిలోలు తగ్గింది. తగ్గాల్సిన అవసరం ఆమెకి లేదు.

నీరసంలో కొంత భాగం ఆకలేనని అప్పుడే అనుకున్నాను. రిపోర్టు వద్దన్నవన్నీ తీసేసింది, వాటి బదులు ఏం తినాలో ఎవరూ చెప్పలేదు. పాలు, పెరుగు పోయాక శాకాహారికి బీ12 వచ్చే దారి కూడా మూసుకుపోయింది. ఒంట్లో బీ12 నిల్వలు నాలుగు నెలల్లో అయిపోవు. కానీ ఏళ్ల తరబడి అంతంతమాత్రంగా ఉన్నవాళ్లకి ఉన్న ఆ ఒక్క ఆధారం తీసేయడం మంచిది కాదు. పరీక్ష చేయిస్తే 182 వచ్చింది, తక్కువే.

మొదటి ఎనిమిది వారాలు

రిపోర్టులో ఒక్కో ఎర్ర పేజీకి విడిగా నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. మొత్తం పక్కన పడేయమంటే ఆమె వినదు, వినాల్సిన పని కూడా లేదు. అందులో ఉన్న జన్యు ఫలితాలు తప్పని నాకు ఆధారమేమీ లేదు. ఫలితం నుంచి సలహాకి వేసిన అడుగు సరైనదా అన్నదే నా ప్రశ్న.

పాల పేజీతో మొదలుపెట్టాను. ఆ ఫలితం నిజమే అయ్యుంటుంది. దక్షిణ భారతంలో ఎక్కువమంది పెద్దవాళ్లలో ఉండేది ఇదే రకం. పెద్దయ్యాక కూడా లాక్టేజ్ నిలిచే మార్పు ఉత్తరాదిలో ఎక్కువ, కిందికి వచ్చేకొద్దీ తక్కువ. అంటే ఆ పేజీ సరళ గురించి చెప్పింది మన వీధిలో సగానికి పైగా ఇళ్లకి వర్తిస్తుంది. అయినా మనం తరతరాలుగా పెరుగన్నంతోనే భోజనం ముగిస్తున్నాం. పాలు తోడుపెట్టినప్పుడు లాక్టోజ్‌లో కొంత బాక్టీరియా తినేస్తుంది, మిగిలినదాన్ని అరిగించే ఎంజైమును కూడా ఆ బాక్టీరియానే పేగుల్లోకి తెస్తుంది. మజ్జిగలో నీళ్లు కలపడంతో లాక్టోజ్ ఇంకా పలచబడుతుంది. లాక్టేజ్ తగ్గినవాళ్లలో కూడా చాలామంది ఒకసారికి 12 గ్రాముల లాక్టోజ్, అంటే సుమారు ఒక గ్లాసు పాలు, పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. ఇవన్నీ చెప్పి, "పెరుగు తింటే మీకు ఎప్పుడైనా కడుపు ఉబ్బరించిందా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "లేదు మేడమ్. రిపోర్టు వచ్చాకే మానేశాను" అంది.

మొదటి మూడు రోజులు మజ్జిగ, తర్వాత మధ్యాహ్నం చిన్న కప్పు పెరుగు, ఆ తర్వాత రాత్రికి కూడా పెరుగు. ఏ ఇబ్బందీ రాలేదు. చివరగా పరగడుపున 200 మిల్లీలీటర్ల పాలు తాగి చూడమన్నాను. కడుపులో గ్యాస్, గుడగుడలు వచ్చాయని ఫోన్ చేసింది. కాబట్టి పరగడుపున గ్లాసు పాలు వద్దనుకున్నాం. ఎల్‌సీటీ పేజీలోంచి ఆమెకి ఉపయోగపడింది ఆ మేరకే.

గోధుమ సంగతి ఇంత తేలిక కాదు. హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2 గానీ డీక్యూ8 గానీ లేకపోతే సీలియాక్ జబ్బు (గ్లూటెన్ తింటే చిన్నపేగు దెబ్బతినే జబ్బు) దాదాపు రాదు. అందుకే లేదని చెప్పే ఫలితానికి విలువెక్కువ. ఉందని చెప్పే ఫలితానికి అంత విలువ లేదు, ఎందుకంటే ఆ రకాలున్నవాళ్లలో కొద్దిమందికే జబ్బు వస్తుంది. అయితే ఈమెకి ఏళ్ల తరబడి లొంగని రక్తహీనత ఉంది. కడుపులో ఏ బాధా లేకుండా రక్తహీనత ఒక్కటే లక్షణంగా ఉండే సీలియాక్ కేసులు ఉంటాయి. అందుకని కొట్టిపారేయడానికి నాకు ధైర్యం చాలలేదు. రక్తంలో టీటీజీ యాంటీబాడీలు చూస్తే తెలుస్తుంది, కానీ గ్లూటెన్ మానేసి నాలుగు నెలలైన మనిషికి ఆ పరీక్ష చేస్తే జబ్బున్నా లేనట్టు రావచ్చు. కాబట్టి ముందు రోజూ రెండు చపాతీలు తిని, ఎనిమిది వారాల తర్వాత పరీక్ష చేయించాలని ఫిజీషియన్‌తో మాట్లాడి నిర్ణయించాం. "పరీక్ష కోసం అదే విషం తినాలా?" అని ఆమె భయపడింది. మీ ఒంటికి అది విషమో కాదో తెలుసుకోవడానికే తింటున్నామని చెప్పి, ఏ చిన్న ఇబ్బంది వచ్చినా వెంటనే ఫోన్ చేయమన్నాను.

అన్నం పేజీ మీద ఎక్కువసేపు ఆగలేదు. పరగడుపు షుగరు, భోజనం తర్వాతి షుగరు రెండూ మామూలుగా ఉన్నాయి. జన్యు రకాన్ని బట్టి ఒకరికి కొవ్వు తక్కువ, ఇంకొకరికి పిండిపదార్థం తక్కువ డైట్ బాగా పనిచేస్తుందేమోనని అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 609 మందిని ఏడాదిపాటు చూశారు. 2018లో ఫలితాలు వచ్చాయి, జన్యు రకానికీ తగ్గిన బరువుకీ సంబంధం కనిపించలేదు. అంతకుముందే, 2017లో వెలువడిన ఐరోపా ఫుడ్‌ఫర్‌మీ అధ్యయనంలో, ఏడు దేశాల్లో సుమారు 1,600 మందిని పరిశీలించారు. మనిషి తిండి చూసి ఆ మనిషికి తగ్గట్టు చెప్పిన సలహా, అందరికీ ఒకేలా చెప్పే సలహాకంటే బాగా పనిచేసింది. దానికి జన్యు సమాచారం జోడిస్తే అదనంగా వచ్చిందేమీ లేదు. నా రోజువారీ పనికి ఈ రెండో అధ్యయనం చాలా దగ్గరగా అనిపిస్తుంది. మధ్యాహ్నం అన్నం, గట్టి పప్పు మళ్లీ పెట్టించాను.

మిథైల్ ఫోలేట్ కూడా ఆపించాం. గర్భానికి ముందు వేసుకునే మామూలు ఫోలిక్ యాసిడ్, ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ మార్పు ఉన్నవాళ్లకి కూడా పనిచేస్తుంది. ఎంత మోతాదన్నది గైనకాలజిస్టు రాశారు.

మిగిలింది ఐరన్ పేజీ. ఆ ఒక్కదాన్ని మాత్రం ప్రశ్నించలేదు. నా అంచనాకి అది సరిపోయింది కాబట్టి. టీఎంపీఆర్‌ఎస్‌ఎస్6 గురించి చదివి ఉన్నాను. పేగుల నుంచి ఐరన్ ఒంట్లోకి వచ్చే తలుపుకి హెప్సిడిన్ అనే హార్మోన్ గడియలాంటిది, ఆ గడియను అదుపులో ఉంచే పనిలో ఈ జన్యువుకి పాత్ర ఉంది. శాకాహారి, యువతి, హిమోగ్లోబిన్ 10.2, పైగా జన్యువు కూడా అదే చెప్తోంది. ఇంకేం కావాలి అనుకున్నాను. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష అడగకుండానే ఐరన్ ఆహారం రాసిచ్చాను. తోటకూర పప్పు మీద నిమ్మరసం, మునగాకు పొడి, నువ్వులుండలు, భోజనానికీ కాఫీకీ మధ్య గంటన్నర ఎడం. మాత్రలు మాత్రం యథాతథం.

ఖాళీ స్ట్రిప్పులు

ఎనిమిది వారాల తర్వాత వచ్చింది. బరువు రెండు కిలోలు పెరిగింది. బీ12 డాక్టరు రాసినట్టే తీసుకుంటోంది. మధ్యాహ్నం నీరసం కాస్త తగ్గింది. టీటీజీ పరీక్ష నెగెటివ్, ఆ ఫలితాన్ని నమ్మడానికి చూడాల్సిన ఐజీఏ అనే యాంటీబాడీ మొత్తం కూడా మామూలుగానే ఉంది. సీలియాక్ లేదు. గోధుమకి క్లియరెన్స్ ఇచ్చేశాం.

హిమోగ్లోబిన్ 10.1.

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. "మాత్రలు రోజూ వేసుకుంటున్నారా? కడుపు మంటకి మధ్యలో మానేస్తున్నట్టున్నారు" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. బ్యాగులోంచి ఒక క్యారీబ్యాగ్ తీసి నా టేబుల్ మీద పెట్టింది. అందులో ఖాళీ స్ట్రిప్పులున్నాయి, రబ్బరు బ్యాండుతో పదేసి కట్టలు కట్టి. "ఇంతకుముందు ఇద్దరు డాక్టర్లు కూడా ఇలాగే అడిగారు మేడమ్. అప్పటి నుంచి దాచి పెడుతున్నాను" అంది.

ఆ కట్టలు చూశాక ప్రశ్న మారింది. ఐరన్ లోపలికి వెళ్తోంది. అరుగుదల జబ్బు లేదని ఇప్పుడే తేలింది. నెలసరి రక్తస్రావం మామూలేనని మొదటిరోజే రాసుకున్నాను. ఏడేళ్లు ఐరన్ పోసినా రక్తం పెరగడం లేదంటే అసలు తక్కువైంది ఐరనేనా? మొదటి రోజే వేసుకోవాల్సిన ప్రశ్న. ఇంట్లో ఉన్న పాత రిపోర్టులన్నీ, చినిగినవైనా సరే, తెమ్మన్నాను.

బల్ల మీద పదకొండు కాగితాలు

మూడు రోజుల తర్వాత పదకొండు సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టులు తెచ్చింది. తేదీల వరుసలో బల్ల మీద పరిచి ఇద్దరం పక్కపక్కన కూర్చుని చదివాం. హిమోగ్లోబిన్ 10.1, 10.4, 9.9, 10.3, 10.2. ఏడేళ్లలో అర గ్రాము అటూ ఇటూ తప్ప కదల్లేదు. ఇంజెక్షన్లు వేయించుకున్న తర్వాత కూడా అంతే.

తర్వాత వేలితో కింది వరుసలకి వెళ్లాను. ఎర్ర కణం సగటు సైజు చెప్పే ఎంసీవీ 62, 63, 62. మామూలుగా 80కి పైన ఉండాలి. ఇంత చిన్న కణాలు ఐరన్ లోపంలోనూ ఉంటాయి. కానీ వాటి పక్కనే ఎర్ర కణాల సంఖ్య చెప్పే ఆర్‌బీసీ కౌంట్ 5.4 మిలియన్లు. పదకొండు కాగితాల్లో తొమ్మిదింటిలో ఆ అంకె పక్కన ఎక్కువ అని గుర్తు పడి ఉంది. రక్తం తక్కువున్న మనిషిలో కణాల సంఖ్య ఎక్కువ. ఆ గుర్తు మీద ఎవరి కళ్లూ ఆగలేదు, నా కళ్లు కూడా. రిపోర్టు చేతికి రాగానే పై వరుసలో హిమోగ్లోబిన్ చూసి మడిచేయడం అందరికీ అలవాటైపోయింది.

ఎంసీవీని ఆర్‌బీసీ కౌంట్‌తో భాగిస్తే 11.5 వచ్చింది. మెంట్జర్ 1973లో చెప్పిన ఈ చిన్న లెక్కలో 13 కంటే తక్కువ వస్తే తలసీమియా (హిమోగ్లోబిన్ తయారీలో పుట్టుకతో వచ్చే జన్యు లోపం) క్యారియర్, అంటే ఆ లోపాన్ని ఒక జన్యువులో మోసే మనిషి, వైపు, ఎక్కువ వస్తే ఐరన్ లోపం వైపు మొగ్గు. అది నిర్ధారణ కాదు, ఎటు వెతకాలో చూపిస్తుంది. అక్కడి నుంచే ఫిజీషియన్‌కి ఫోన్ చేశాను. ఫెరిటిన్, రక్తంలో ఐరన్‌ని మోసే ప్రోటీన్ ఎంత నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, సీఆర్‌పీ, హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో హిమోగ్లోబిన్ రకాల పరీక్ష రాశారు. సీఆర్‌పీ ఎందుకంటే ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ ఊరికే పెరిగి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

ఫెరిటిన్ 142. శాచురేషన్ 41 శాతం. సీఆర్‌పీ మామూలు. ఐరన్ లోపం లేదు, నిల్వలు నిండుగా ఉన్నాయి. హెచ్‌బీఏ2 అనే హిమోగ్లోబిన్ 5.4 శాతం. మామూలుగా 3.5 లోపు ఉండాలి. బీ12 తక్కువైతే ఈ అంకె కొంచెం పైకి జరగొచ్చు, కానీ ఇంత దూరం జరగదని డాక్టరు చెప్పారు. బీటా తలసీమియా క్యారియర్. మైనర్ అన్నా, ట్రెయిట్ అన్నా అదే.

ఆమెకి వంటింటి భాషలో చెప్పాను. ఐరన్ తక్కువ అంటే గిన్నెలో పిండి తక్కువ, అట్లు తక్కువ పడతాయి, పడినవీ చిన్నవే. మీ ఇంట్లో పిండి గిన్నె నిండా ఉంది. గరిటే చిన్నది. ఆ గరిటె అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చింది. అందుకే ఒళ్లు ఎక్కువ అట్లు వేసి సర్దుకుంటోంది. మనం ఏడేళ్లుగా పిండి పోస్తూనే ఉన్నాం. ఆమె వెంటనే, "అంటే పిండి పొంగిపోతుందా మేడమ్?" అని అడిగింది. సరైన ప్రశ్న. అవసరం లేని ఐరన్ ఒంట్లో పేరుకుంటుంది, దాన్ని బయటికి పంపే దారి ఒంటికి పెద్దగా లేదు. ఆ రోజే డాక్టరు ఐరన్ ఆపేశారు.

58 పేజీల రిపోర్టులో ఇది ఎందుకు లేదని ఆమె అడిగితే కాస్త వివరంగా చెప్పాల్సి వచ్చింది. ఇలాంటి రిపోర్టులు చూసేది జనంలో బాగా వ్యాపించిన చిన్న చిన్న తేడాలను. ఒక్కోదాని ప్రభావం చినుకంత. టీఎంపీఆర్‌ఎస్‌ఎస్6 తేడా అలాంటి చినుకే. తలసీమియా చెరువుకి పడిన గండి లాంటిది. హెచ్‌బీబీ అనే ఒకే ఒక్క జన్యువులో లోపం, ప్రభావం సూటిగా ఉంటుంది. ఆ లోపాలు వందల రకాలు, మన దేశంలో ఎక్కువగా కనిపించేవి కొన్ని ఉన్నాయి. తిండి రిపోర్టుల కోసం ఎంచిన జాబితాలో వాటికి చోటుండదు. అందుకే 'ఐరన్' పేజీ ఎర్రగా వచ్చింది, దాని మీద ఆధారపడి మేమిద్దరం తప్పు దిక్కుకి నడిచాం. హెచ్‌పీఎల్‌సీ పరీక్షకి అయిన ఖర్చు ఆమె ఆ కిట్‌కి పెట్టిన డబ్బులో పదో వంతు కూడా కాదు.

జన్యువులకీ తిండికీ సంబంధం లేదని నేననను. ఫినైల్‌కీటోన్యూరియాతో పుట్టిన బిడ్డకి తొలి వారాల నుంచే తిండి మార్చకపోతే మెదడు దెబ్బతింటుంది. గెలాక్టోసీమియా ఉన్న బిడ్డకి తల్లిపాలే పడవు. జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకి ఫావా చిక్కుళ్లు, కొన్ని మందులు ప్రమాదం. ఇవన్నీ ఒక్క జన్యువుతో తేలే సంగతులు, వీటికి నిర్ధారణ పరీక్షలున్నాయి.

మేనరికం

తలసీమియా క్యారియర్‌గా ఉండటం జబ్బు కాదు. మన దేశంలో సగటున నూటికి ముగ్గురు నలుగురు క్యారియర్లే, చాలామందికి ఆ సంగతి తెలియదు. ఇబ్బంది ఎక్కడంటే, భార్యాభర్తలిద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పులో బిడ్డకి తలసీమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ బిడ్డకి జీవితాంతం రక్తం ఎక్కిస్తూనే ఉండాలి, అలా ఎక్కించిన రక్తంతో పేరుకునే ఐరన్‌ని మందులతో తీస్తూ ఉండాలి.

మొదటిరోజు కేస్ షీట్‌లో 'మేనబావ' అని నేనే రాసుకున్నాను. ఇప్పుడు ఆ మాట వేరుగా కనిపించింది. సరళ వాళ్లమ్మకి కూడా ఎప్పుడూ రక్తం తక్కువేనట. "మా అమ్మకి పదకొండు ఎప్పుడూ దాటలేదు, మా పుట్టింటివాళ్ల ఒళ్లే అంత అనేది" అని చెప్పింది. లోపం అమ్మ వైపు నుంచే వచ్చుంటే, అమ్మ అన్నగారికి అది ఉండే అవకాశం సగం. ఆయన కొడుక్కి పావు వంతు. బయటి సంబంధమైతే నూటికి మూడు నాలుగు అనుకునేది, ఇక్కడ నూటికి ఇరవై ఐదైంది.

ఈ మాట చెప్పడం కష్టం. ఆమెను ఇంట్లో ఎలా చూస్తారోనన్న భయం నాకే కలిగింది. ఫిజీషియన్, నేను కలిసి ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాం. ఇది ఎవరి తప్పూ కాదని, ఇద్దరి తాతగారిల్లూ ఒకటే కాబట్టి ఆయన కూడా పరీక్ష చేయించుకోవాలని, ఆయన పరీక్ష అయ్యేదాకా గర్భం వాయిదా వేయమని. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. "ఇవాళే ఇచ్చేస్తాను శాంపిల్" అని లేచాడు.

మూడు రోజులు ఆమె నాకు ఫోన్ చేయలేదు. నాలుగో రోజు రిపోర్టు ఫొటో పంపింది. ఆయన హెచ్‌బీఏ2 2.6. క్యారియర్ కాదు.

సరళ వాళ్లమ్మ క్యారియరే అని తర్వాత తేలింది. తమ్ముడు కూడా. అతనికి సంబంధాలు చూస్తున్నారు. అమ్మాయి తరఫువాళ్లతో ఏం చెప్పాలని వాళ్లమ్మ నన్ను అడిగింది. "జాతకాలతోపాటు ఇద్దరి రక్తపరీక్ష కాగితాలూ మార్చుకోండమ్మా. సంబంధం మానుకోమనడానికి కాదు, ముందే తెలిసుంటే పిల్లల విషయంలో ఏం చేయాలో డాక్టర్లు చెప్పగలరు" అన్నాను. హైదరాబాద్‌లో ఉన్న తలసీమియా సికిల్ సెల్ సొసైటీ గురించి కూడా చెప్పి పంపాను.

ఏం పని చేసింది

నిర్ధారణ తర్వాత రాసిన డైట్‌లో గొప్పగా చెప్పుకోవాల్సింది ఏమీ లేదు. మధ్యాహ్నం అన్నం, గట్టి పప్పు, కూర, పెరుగు. సాయంత్రం వేయించిన శెనగలో పల్లీలో. రాత్రి రెండు చపాతీలు, కూర, మజ్జిగ. ఆకుకూరలు, పప్పులు యథావిధిగా తినొచ్చని గట్టిగా చెప్పాను. తలసీమియా అనగానే ఐరన్ ఉన్న కూరగాయలన్నీ మానేసే ప్రమాదం ఉంది, ఆమె అప్పటికే తోటకూర మానేసి ఉంది. క్యారియర్లకి రోజువారీ తిండిలోని ఐరన్‌తో భయం లేదు. ఆపాల్సింది అవసరం లేకుండా వేసుకునే మాత్రలు.

మూడు నెలల్లో కడుపు మంట, మలబద్ధకం పోయాయి. బరువు 54కి వచ్చింది. బీ12 సరిపడా పెరిగింది. రెండంతస్తులు ఆగకుండా ఎక్కుతున్నానంది. హిమోగ్లోబిన్ 10.6. ఆమెకి అది మామూలు అంకె. 12 రాలేదని మొదట దిగులు పడింది. మీ ఒంటికి ఇదే నిండు అని ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఏ మార్పు ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. కడుపు నిండా తినడం, బీ12 రెండూ ఒకేసారి మొదలయ్యాయి. నా అంచనాలో తిండిదే పెద్ద వాటా.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో కొన్ని మార్చుకున్నాను. రక్తం తక్కువని వచ్చిన ఎవరికైనా ఫెరిటిన్ చూడకుండా ఐరన్ డైట్ రాయను. సీబీసీలో ఎంసీవీ, ఆర్‌బీసీ కౌంట్ రెండూ కేస్ షీట్ మీద చేత్తో రాస్తాను, రాస్తే తప్ప కళ్లు ఆగవు. పాత రిపోర్టులన్నీ మొదటిరోజే తెమ్మంటాను. మేనరికమా అన్న ప్రశ్న ఇదివరకూ అడిగేదాన్ని, ఇప్పుడు జవాబు కింద గీత గీస్తున్నాను. జన్యు రిపోర్టు తెచ్చినవాళ్లతో నా అంచనాకి సరిపోయిన పేజీనే అన్నిటికంటే ఎక్కువ అనుమానంగా చదువుతున్నాను. మాత్రలు వేసుకోవడం లేదా అని ముందుగా అడగడం మానేశాను.

నిర్ధారణ జరిగి ఏడాది కాకముందే సరళ గర్భవతి అయింది. అంతకుముందే ఒక చిన్న కార్డు రాసిచ్చి, డాక్టరు సంతకం పెట్టించి, పర్సులో పెట్టుకోమన్నాను. 'బీటా తలసీమియా క్యారియర్. భర్త పరీక్ష అయింది, క్యారియర్ కాదు. ఐరన్ మొదలుపెట్టే ముందు ఫెరిటిన్ చూడండి.' ఏడో నెలలో పుట్టింటికి వెళ్లింది. అక్కడి ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ 9.1 వస్తే ఐరన్ సెలైన్ పెడదామన్నారట. ఆమె కార్డు తీసి చూపించింది. వాళ్లు ఫెరిటిన్ చూశారు. 26 వచ్చింది. గర్భంలో 30 కంటే దిగితే లోపం కిందే లెక్క.

సాయంత్రం ఫోన్ చేసింది. "మేడమ్, ఈసారి నిజంగానే తక్కువుందట. డాక్టరు గారు ఐరన్ రాశారు. వేసుకోనా?"

"వేసుకోండమ్మా" అన్నాను.